జామాయిలు చెట్ల మీద నేను రాసిచ్చిన సగం మాట

నందిగామ,
ఆదివారం, ఎండ వాలుతున్న వేళ

రాజ్యం అక్కకి,

ముందు నీ మోకాళ్ళకి ఒక దణ్ణం, ఆ తర్వాత నీకు. మెట్లు దిగేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటున్నావా? బావగారి దగ్గు తగ్గిందా? పిన్ని నాలుగు మెతుకులు తింటోందా, మజ్జిగతోనే సరిపెడుతోందా? మన బావినీళ్ళు ఈ ఎండాకాలం ఎంత ఉప్పెక్కాయి? ఒక్కోదానికీ విడిగా జవాబు రాయి, "అంతా మామూలే" అని ఒక్క ముక్కతో తేల్చెయ్యకు. నేనిక్కడ బాగానే ఉన్నా. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకో రెండు మూడుసార్లు రాస్తా, ప్రతిసారీ నమ్ము.

చేతిలో ఫోనుండగా ఉత్తరమేంటే అంటావు. ఫోనులో నువ్వు మధ్యలో అడ్డం పడతావు, నేను గొంతు పెంచుతా, నువ్వు "పాలు పొంగుతున్నాయి" అని పెట్టేస్తావు. ఏ పాలూ పొంగవని నాకు తెలుసు. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు. ఇంకో కారణం కూడా ఉంది. ఆమధ్య ఫోనులో నీకొక విజయం చెప్పాను గుర్తుందా, ఇక్కడ కంకర క్రషర్ యజమాని నోరు మూయించానని? నువ్వది పిన్నికి చెప్పావు, బావగారు రేవులో చెప్పారు, మన వీధి వీధంతా మురిసిపోయిందట. అక్కా, నేను చెప్పింది సగమే. రెండో సగం రాయడానికే ఈ కాగితాలు కొన్నా.

నాగాయలంక నించి నందిగామకి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగుతావు, దాన్ని కూడా వలస అంటారటే అని వెక్కిరించావు. దానికి జవాబు ముందు పుచ్చుకో. మన దగ్గర కాలు పెడితే నేల లోపలికి దిగుతుంది. ఇక్కడ కాలు పెడితే నేల ఎదురు తిరుగుతుంది. ఎక్కడ తవ్వినా రాయే. మన గాలి ఒంటికి అంటుకుని వదలదు, ఈ గాలి ఒంట్లో ఉన్న తడి కూడా పీల్చుకుని పోతుంది. జగ్గయ్యపేట బస్సులో సగంమంది "ఎక్కడికండీ" అంటారు, సగంమంది "ఎటు పోతున్నవమ్మా" అంటారు. పెదాలు పగిలాయి, మడమలు పగిలాయి. కరపత్రం రాసిందని కాలేజీవాళ్ళు ఉద్యోగంలోంచి పొమ్మంటే, యాభయ్యో ఏట పెట్టె సర్దుకుని, ఎవరూ తెలియని ఊళ్ళో గది తీసుకుని, ఒక్కదానికే గ్లాసుడు బియ్యం కడుక్కుంటూ ఉంటే దాన్ని వలస అనకపోతే ఏమంటారో నువ్వే చెప్పు.

సరే, కోపం అయిపోయింది. బాగానే ఉన్నా.

నా పనేమిటని పిన్ని మళ్ళీ మళ్ళీ అడుగుతోందన్నావుగా. చెట్ల ఊపిరి పట్టడం అని చెప్పు. నవ్వులాట కాదు. పట్నంలో యూనివర్సిటీవాళ్ళు ఆకులు వదిలే ఒక గాలిని కొలుస్తున్నారు. దాని పేరు ఐసోప్రీన్. జామాయిలు ఆకు నలిపితే వస్తుందే జలుబు మందు వాసన, అది వేరు. దీనికి మన ముక్కు పట్టేంత వాసన ఉండదు, రంగు ఉండదు. ఎండ మండే కొద్దీ ఎక్కువ వదులుతుంది చెట్టు. పొద్దు వాలితే మానేస్తుంది. ఆకు ఆ వేడికి తట్టుకోవడానికి చేసుకునే ఉపాయమట. అన్ని చెట్లూ చెయ్యవు. జామాయిలు చేస్తుంది, మోదుగ చేస్తుంది, మన ఇసకలో సరుగుడు కూడా చేస్తుంది. చిన్నప్పుడు మనం సరుగుడు తోపులో పడుకుని ఆ హోరు వినేవాళ్ళం చూడు, ఆ మధ్యాహ్నాలన్నిట్లోనూ అది మన మొహాల మీంచి వెళ్ళిందన్నమాట. మనకి తెలీదు. తెలీకపోయినా ఎంత హాయిగా నిద్రపట్టేది!

పని ఇలా ఉంటుంది. నందిగామ నించి చందర్లపాడు పోయే దారిలో బస్సు దిగుతా. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక కొమ్మకి పల్చటి తెల్లటి సంచీ తొడిగి, మూతి కట్టి, చిన్న పంపుతో లోపలి గాలిని ఇనప గొట్టంలోకి లాగుతా. పెన్ను అంత ఉంటుంది గొట్టం. దానిమీద చెట్టు నంబరు, టైము రాసి ఐసుపెట్టెలో పెడతా. వారానికోసారి ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళి, అక్కడ గుట్ట దగ్గర మోదుగల గాలి కూడా పట్టి, అన్నీ కలిపి పట్నం బస్సుకి అందిస్తా. కండక్టరు ప్రతివారం అదే అడుగుతాడు: "చేపలామ్మా?" కాదు నాయనా, గాలి అంటే, "గాలికి ఐసెందుకండీ?" అని నాకు సగం టిక్కెట్టు కొట్టాలో లగేజి కొట్టాలో తెలీక చూస్తాడు.

సంచీ కట్టాక గంటసేపు చేసేదేమీ ఉండదు. కూచోవడమే. అక్కా, ఆ గంట గురించి నీకెలా చెప్పను? ఎక్కడా మనిషి అలికిడి ఉండదు. కొమ్మ మీద సంచీ మెల్లగా ఉబ్బుతుంది, మెల్లగా తగ్గుతుంది. లోపల సన్నటి నీటి చుక్కలు పడతాయి, పసిపిల్ల నిద్రలో పెదాల మీద పట్టే చెమటలాగా. దూరంగా ఏటి వైపు ఆకాశం నీలంగా, పొగలాగా కరుగుతూ ఉంటుంది. ఆకులు వదిలిన ఊపిరే ఎండలో విరిగి విరిగి అలా మసకగా నిలుస్తుందని మా ప్రొఫెసరుగారు ఒకసారి చెప్పారు. ఆ మాట విన్నాక నాకు ఆ మసకని చూస్తుంటే కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి. ఒకరోజు అలా కునుకు పట్టి కల వచ్చింది. నువ్వూ నేనూ సరుగుడు తోపులో ఉన్నాం, మన జడలకి తెల్లసంచీలు కట్టి ఉన్నాయి, నువ్వు ఊపిరి వదిలితే నా సంచీ ఉబ్బుతోంది, నేను వదిలితే నీది. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. ఎంత ప్రశాంతంగా ఉందో. లేచి చూస్తే పంపు ఎప్పుడో ఆగిపోయి ఉంది. ఆ గొట్టం పారేసా.

ఇక అసలు సంగతికొస్తా.

ఆ దారిలో తోటలన్నీ కాగితం మిల్లు కోసం వేసినవే. నాలుగేళ్ళకోసారి నరుకుతారు, మోళ్ళు చిగురిస్తాయి, మళ్ళీ నరుకుతారు. నీకు తెలుసుగా, జామాయిలు మీద నేను రాసినన్ని కరపత్రాలు ఎవరూ రాసి ఉండరు. భూమిలో నీళ్ళన్నీ తాగే చెట్టు, పిట్ట గూడు కట్టని చెట్టు, రైతు పొలంలో కంపెనీ చెట్టు. ఇప్పటికీ ఆ మాటల మీదే ఉన్నా. అయితే ఒక కాలనీ పక్కన, క్రషర్‌కి లారీలు వెళ్ళే మట్టిబాట అంచున, ఒక వరస జామాయిలు ఉంది. పంతొమ్మిది చెట్లు. వాటిని ఎవరూ ఎప్పుడూ నరకలేదు. కాలనీ ఆడవాళ్ళు పెళ్ళయి వచ్చిన కొత్తలో నాటుకున్నవట. ముసలి చెట్లు, లావు మొదళ్ళు, బెరడు పట్టీలు పట్టీలుగా ఊడి వేలాడుతుంది. నా సంచీలు కట్టేది ఆ చెట్లకే.

ఆ వరస కిందే వాళ్ళు మిరపకాయలకి తొడిమలు తీస్తారు. మాఘం నించి వైశాఖం దాకా అదే వాళ్ళ పని. పట్టాలు పరిచి ఎర్రటి కాయలు కుప్పలు పోసి, చుట్టూ పాతికమంది. జామాయిలు నీడ చిక్కటి నీడేం కాదు, జల్లెడ పట్టిన నీడ. కానీ అటు క్రషర్ దుమ్ముకీ ఇటు మిరపకాయలకీ మధ్య అడ్డుగా ఉన్నది ఆ వరసే. దుమ్ము పడిన కాయని వ్యాపారి తీసుకోడు. చెట్లు లేకపోతే సరుకు ఇక్కడికి పంపరు, పని వేరే ఊరికి పోతుంది. ఇది నాకు మొదట తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు, అదీ నా బుద్ధి.

వాళ్ళ మేస్త్రి ఖాసింబీ. అరవై దాటి ఉంటుంది. ఒక్క పన్ను బంగారం, మిగతా పళ్ళు మొండితనం. మొదటిరోజే నా సంచీ చూసి, "ఏందమ్మా, చెట్టుకి జొరమొచ్చిందా?" అంది. ఆ తర్వాత రోజూ నాకు కుండలో నీళ్ళు, మధ్యాహ్నం టీ. నేను జామాయిలుని తిడుతుంటే, "తిట్టుకో సరళమ్మా, నీడలో కూచుని తిట్టుకో, ఎండలో నిలబడి తిడితే వడదెబ్బ కొడద్ది" అనేది.

క్రషర్ యజమాని శేషగిరిరావు ఒకరోజు అక్కడ బండి ఆపాడు. తెల్లచొక్కా, చేతిలో మొక్క! ఏదో మొక్కలు నాటే కార్యక్రమం నించి వస్తున్నాడట. ఖాసింబీ ఆయన్ని అడిగింది, బాట మీద నీళ్ళు కొట్టిస్తానన్నారు, కొట్టించలేదేమని. ఆయన నవ్వి, "చెట్లున్నాయిగా అమ్మా! చెట్టంటే దేవత. ఎంత దుమ్మయినా మింగేసుద్ది, ఎంత పొగయినా మింగేసుద్ది. అందుకేగా నేను మొక్కలు నాటేది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది అక్కా. తన దుమ్ము మింగడానికి దేవతని జీతంలేని పనిమనిషిని చేసుకున్నాడు కదా! లేచా. "చెట్టు దేవతా కాదు, మీ చీపురూ కాదు. అది కూడా గాలి వదులుద్ది. అది ఎండలో కలిసి విషమవుద్ది. ఈ ఊరి గాలి చెడటంలో ఈ జామాయిలు చెట్లకీ వాటా ఉంది, నేను రోజూ కొలుస్తున్నా" అన్నా. ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. చాలా మర్యాదగా అడిగాడు: "నిజమేనా మేడంగారూ? ఈ ముక్క రాసిస్తారా?"

రాసిచ్చా. గొట్టాల మీద నంబర్లు రాసే పెన్నుతో, నా నోటుపుస్తకంలో కాగితం చింపి, "ఈ వరసలోని జామాయిలు చెట్లు ఐసోప్రీన్ అనే వాయువును విడుదల చేస్తాయి. ఎండలో అది హానికరమైన ఓజోన్ తయారవడానికి కారణమవుతుంది" అని రాసి సంతకం కూడా పెట్టా. ఆయన మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. జవాబు దొరక్క పారిపోయాడనుకున్నా. ఆ సాయంత్రమే నీకు ఫోను చేసా.

పదిరోజుల తర్వాత పంచాయతీ గోడ మీద నోటీసు. గ్రామసభలో చర్చించాల్సిన అంశం: ప్రజారోగ్యం దృష్ట్యా హానికర వాయువు వదులుతున్న చెట్ల వరస తొలగింపు, ఆ స్థలంలో క్రషర్ బాట వెడల్పు. దాని కింద అంటించి ఉంది నా కాగితం జిరాక్సు. నా సంతకం, నా వంకర 'స'తో సహా.

నా అక్షరాలు నాకే పరాయి భాషలాగా కనపడ్డాయి.

చెట్ల దగ్గరికి వెళితే ఎవరూ తలెత్తలేదు. మిరపకాయలు గలగలమంటున్నాయి, అంతే. నేను సంచీ తియ్యబోతే ఖాసింబీ తల తిప్పకుండానే అంది: "మా చెట్టు మీంచి నీ సంచీ తీసుకెళ్ళమ్మా. జొరం చూడ్డానికొచ్చావనుకున్నాం. చావుచీటీ రాస్తావనుకోలేదు."

"ఖాసింబీ, నేనన్నది అది కాదు, సగమే..."

"ఆ సగం మీదే గొడ్డలి పడద్ది. రెండో సగం మోడుకి చెప్పుకో."

ఆ రోజు నీళ్ళ కుండ మీద మూత తియ్యలేదు. నేను అడగలేదు.

గదికొచ్చి కూచున్నా. నువ్వు చిన్నప్పట్నించీ అనేదానివి చూడు, "నువ్వు చెప్పడానికి మాట్లాడవే, గెలవడానికి మాట్లాడతావు" అని. దాని మీద కూడా నీతో వాదించి గెలిచా అప్పట్లో. ఆ రెండో సగం ఏమిటో నాకు తెలీక కాదు అక్కా. తెలుసు. ఆయన్ని చిత్తు చెయ్యడానికి అది అడ్డమొస్తుందని మింగేసా. ఇప్పుడు నీకు రాస్తున్నా, పిన్నికీ చదివి వినిపించు.

ఆకు వదిలిన ఐసోప్రీన్ గాలిలో ఎక్కువసేపు బతకదు. ఎండ తగిలిన గాలిలోనే దాన్ని విరగ్గొట్టేవి పుడతాయి. పొద్దున పుట్టింది చాలా భాగం మధ్యాహ్నానికే విరిగిపోతుంది. గాలి శుభ్రంగా ఉంటే ఆ విరగడం వల్ల మనకి పెద్దగా ఓజోను పుట్టదు. కానీ అదే గాలిలో లారీల పొగ, జెనరేటర్ల పొగ ఉంటే, అది విరిగేటప్పుడు ఓజోను తయారవుతుంది. ఆకాశంలో ఎంతో ఎత్తున ఉండే ఓజోను మనకి గొడుగు. నేల దగ్గర పుట్టేది గొంతులో మంట, పిల్లల ఛాతీలో పిల్లికూతలు. అంటే చెట్టు ఒక్కటే ఏమీ చెయ్యలేదు, పొగ కావాలి. ఆ పొగ ఎవరిది? నేను రాసిచ్చిన కాగితంలో పొగ అన్న మాటే లేదు. లారీ అన్న మాట లేదు. నిప్పు గురించి రాస్తూ అగ్గిపుల్ల సంగతి వదిలేసినట్టు రాసా.

ఇంకో ముక్క కూడా ఉంది, ఇది నాకు మరీ ఇష్టమైనది. ఆ చెట్ల కింద మట్టిని సీసాల్లో పోసి, కొంచెం ఐసోప్రీన్ ఎక్కించి, మూత బిగించి నా గదిలో కిటికీ కింద చీకట్లో పెట్టా. రోజుకోసారి సూదితో కాస్త గాలి తీసి దాచి, వారం వారం వెళ్ళే పెట్టెలో పట్నం పంపేదాన్ని. మట్టిలో కంటికి కనపడని జీవులు కొన్ని దాన్ని తిని బతుకుతాయట. ముసలి వరస కింద మట్టి సీసాలో గాలి రోజురోజుకీ తగ్గిపోయింది. క్రషర్ గేటు దగ్గర తెల్లదుమ్ము పేరుకున్న మట్టి సీసాలో దాదాపు అలాగే ఉంది. ప్రొఫెసరుగారు ఫోను చేసి ఇది చెప్పింది సరిగ్గా నేను అలా కూలబడి ఉన్న ఆ సాయంత్రమే. "తొందరపడి గొప్పగా చెప్పకండి, మట్టి తినేది కొంచెమే, ఎక్కువ భాగం గాలిలోనే విరుగుతుంది, మనవి నాలుగు సీసాలే" అని హెచ్చరించారు కూడా. అయినా ఆ సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసా. గుప్పెడు మట్టి. పైన చెట్టు ఊపిరి వదులుతుంటే కింద ఎవరో చప్పుడు చెయ్యకుండా ఆ ఊపిరినే కాస్త కాస్త అన్నంలా తింటున్నారు. ఇన్నేళ్ళ మధ్యాహ్నాలు వాళ్ళ మీదే కూచుని తొడిమలు తీసారు ఖాసింబీవాళ్ళు. అక్కా, ఆ సీసాకి చెవి ఆనించి విన్నా. ఏమీ వినపడదని తెలుసు. అయినా విన్నా.

గ్రామసభ రోజు పొద్దున్నే వెళ్ళేసరికి చివరి మూడు చెట్లు పడి ఉన్నాయి. సభ కాకముందే. "కొలతల కోసం" అన్నాడు రంపం పట్టినతను. కాలనీ ఆడవాళ్ళు మిగతా పదహారు చెట్లకీ ఒకరొకరు చేరబడి నిలబడ్డారు. ఎవరూ నన్ను పిలవలేదు. నేనూ వెళ్ళి ఒక చెట్టుకి ఆనుకున్నా. నా పక్క చెట్టు దగ్గరున్న ఆవిడ కాస్త అవతలికి జరిగింది.

సభ బడి వరండాలో. సర్పంచి ఆడమనిషి. ఆవిణ్ణి ఏమడిగినా పక్కన కూచున్న భర్త జవాబిస్తాడు. దానికే నాకు సగం కోపమొచ్చింది. నా వంతు రాగానే లేచి మొదలుపెట్టా: పెట్టుబడి, ప్రకృతి వనరుల దోపిడీ, పాలకవర్గాల మౌనం, నీకు తెలిసిందే. నాలుగు వాక్యాలు కాకముందే జనం పక్కకి చూడటం మొదలుపెట్టారు. శేషగిరిరావు హాయిగా వింటున్నాడు. వెనకనించి ఖాసింబీ గొంతు వినపడింది:

"సరళమ్మా, ఉపన్యాసం తర్వాత. ఆ కాగితం నీదా, కాదా?"

నా నోట్లో ఇంకా పది వాక్యాలున్నాయి. అన్నీ మంచి వాక్యాలే. వాటిని మింగడం ఎంత కష్టమో నీకు తెలుసు.

"నాదే" అన్నా. "సంతకం నాది. తప్పు నాది. అందులో సగమే రాసా. శేషగిరిగారి మీద గెలవాలని రెండో సగం వదిలేసా."

యాభై ఏళ్ళలో పదిమందిలో నేను ఆ మాట అనడం అదే మొదలు. ఆ తర్వాత నీకు పైన రాసినదంతా చెప్పా, సాదాగా, పిన్నికి చెప్పినట్టు. పొగ గురించి, ఎండ గురించి, సీసాలో మట్టి గురించి. మట్టి తినేది కొంచెమే అని కూడా చెప్పా. జామాయిలు నీళ్ళు తాగుతుందన్న నా మాట వెనక్కి తీసుకోవడం లేదని కూడా చెప్పా. ఎవరో నవ్వారు.

శేషగిరిరావు లేచాడు. "అదంతా సరేనండి మేడంగారూ. ఒక్క ముక్కలో చెప్పండి. చెట్టు ఆ గాలి వదులుద్దా, వదలదా?"

"వదులుతుంది."

"అదీ! వదిలేదాన్ని తీసేస్తే గొడవ పోద్దిగా."

"మీరూ వదులుతున్నారండి" అన్నా. "నేనూ వదులుతున్నా. మనిషి ఊపిరిలో కూడా ఐసోప్రీన్ కొంచెం ఉంటుంది. ఈ వరండాలో కూచున్నవాళ్ళందరి ఊపిరిలోనూ ఉంది ఇప్పుడు."

ఖాసింబీ మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.

"అయితే సర్పంచమ్మా, చెట్ల తర్వాత మమ్మల్ని ఏ వారం నరుకుతారో అది కూడా ఆ కాగితంలో రాయించండి. మిరపకాయలు మిగిలున్నయ్, కానిచ్చుకుని వస్తాం."

వరండా గొల్లున నవ్వింది. సర్పంచి భర్త ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి, "మీరుండండి" అంది, ఆయన వైపు చూడకుండానే. ఎంత చిన్న గొంతో! "చెట్ల మాట ఇవ్వాళ తీర్మానం కాదు. ముందు బాట మీద నీళ్ళు కొట్టించండి, లారీల మీద పట్టాలు కప్పించండి శేషగిరిగారూ. ఆ తర్వాత చూద్దాం."

వాయిదా. గెలుపు కాదు అక్కా, వాయిదా. ఇదివరకైతే వాయిదా అన్న మాట మీదే రెండు పేజీల కరపత్రం రాసేదాన్ని. ఆ రోజు బడి మెట్ల మీద కూచుని ఎండని చూస్తూ ఉండిపోయా. మూడు చెట్లు పోయాయి. ఆ మూడూ నా పెన్నుతో పోయినవే. అందులో ఒకటి నేను కింద కునుకు తీసి కల కన్న చెట్టు.

ఇప్పుడు బాట మీద రెండ్రోజులకోసారి ట్యాంకరు నీళ్ళు కొడుతోంది. మూడ్రోజులకోసారని కూడా అనొచ్చు. నేను రాసి పెడుతున్నా. మిరప పని అయిపోయింది, వచ్చే మాఘానికి మళ్ళీ సరుకు ఇక్కడికే పంపుతానన్నాడట వ్యాపారి. నాలుగు చినుకులు పడ్డాయి. ఖాసింబీ కుండ మీద మూత తీసింది గానీ, నీళ్ళు తను ముంచి ఇవ్వడం లేదు, నన్నే ముంచుకోమంటోంది. అది చాలు ప్రస్తుతానికి.

మొన్నామధ్య ఆ మూడు మోళ్ళకీ చిగుళ్ళొచ్చాయి. జామాయిలు మోడు అంత తేలిగ్గా చావదు. లేతగా, నీలంగా, బూడిద పూసినట్టున్న చిన్న ఆకులు. మోడు పక్కన కూచుని ఒక చిగురుకి సంచీ తొడిగి గాలి పట్టి పంపా. నిన్న ప్రొఫెసరుగారు ఫోను చేసారు. ఆ గొట్టంలో దాదాపు ఏమీ లేదట. లేత ఆకు పుట్టిన వెంటనే ఐసోప్రీన్ వదలదు, కొన్నాళ్ళు ముదరాలి, ఎండ చూడాలి, అప్పుడు మొదలుపెడుతుందన్నారు.

ఇవ్వాళ పొద్దున వెళ్ళి ఆ మాట ఖాసింబీకి చెప్పబోయా. తను చీపురుతో రాలిన ఆకులు పోగుచేస్తోంది, పొయ్యిలోకి.

"ఏమంటందే మీ చిగురు?" అంది.

"ఇంకా ఏమీ అనడం లేదు. కొన్నాళ్ళు ఎండ చూసాక గానీ నోరు విప్పదట."

ఖాసింబీ చీపురు ఆపి నా వైపు చూసింది. బంగారు పన్ను కనపడింది.

"బుద్ధిమంతురాలు" అంది. "దాని పక్కనే కూచో నువ్వు కూడా."

చిగురుకి మళ్ళీ సంచీ తొడిగి కూచున్నా అక్కా. మధ్యాహ్నం దాకా కూచున్నా. సంచీ ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. ఏటి మీద ఆ నీలపు మసక. నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. నువ్వు చూసి ఉంటే నమ్మేదానివి కాదు.

ఇక పనులు. ఎండురొయ్యలు పంపు, ఈసారి ఇసక లేకుండా జల్లించి పంపు. మన సరుగుడు కింద మట్టి ఒక గుప్పెడు గుడ్డలో కట్టి దానిలో పెట్టు, చెట్టు మొదట్లోది, పైది కాదు లోపలిది. నవ్వకు, నాకు అదొక సీసాలో కావాలి. బావగారిని రేవులో చెప్పిన మాట సరిచెయ్యమను: సరళ ఎవరి నోరూ మూయించలేదు, తన నోరే తెరిచి తప్పు ఒప్పుకుందని చెప్పమను. పిన్నికి నా దణ్ణాలు, పెరట్లో కరివేపాకు చెట్టుకి నీళ్ళు. నువ్వు పెద్దదానివి, అక్కడినించే నా నెత్తిన చెయ్యి పెట్టు, ఈసారి "ఇంకా గెలవాలి" అని దీవించకు, వేరే ఏదైనా అను.

నేను బాగానే ఉన్నా. నిజంగానే ఉన్నా.

ఎప్పుడూ నీతో పోట్లాడే, ఎప్పటికీ నీదైన చెల్లెలు,
సరళ